గోడకి ఆనించిన పెట్టె

వాల్వులు ఎర్రబడేదాకా ఆగాలి. అంతవరకూ తీగ ముట్టుకోకూడదు, నాబు తిప్పకూడదు, పక్కవాడితో పోట్లాట పెట్టుకోకూడదు, ఇవీ భీముడు పెట్టిన రూళ్ళు. మొదటి రెండూ పెట్టె క్షేమం కోసం, మూడోది వాడి క్షేమం కోసం. ఇవాళ పోట్లాడ్డానికి పక్కన ఎవరూ లేరు కాబట్టి మూడూ బుద్ధిగా పాటిస్తున్నాను. బందరు ఈడేపల్లిలో వాడింటి ముందుగదిలో, వాడు కూర్చునే ముక్కాలిపీట ఖాళీగా వదిలేసి, నేనెప్పుడూ కూర్చునే చాప మీదే కూర్చుని, నాలుగు తీగల బేస్ గిటారు ఒళ్ళో పెట్టుకుని, వాడు స్వయంగా చేసిన ఆంప్లిఫయరు పెట్టె పైకన్నాల్లోంచి లోపలికి తొంగిచూస్తున్నాను. ఒక వాల్వు వెలిగింది. రెండోది ఆలోచిస్తోంది. మూడు నెలలు బందరు ఉప్పుగాలి తగిలితే మనుషులే సరిగ్గా వెలగరు, గాజుబుడ్డి ఏం వెలుగుతుంది. దుమ్ము కాలిన వాసన వస్తోంది, దాని వెనకే వంటింట్లోంచి ఉప్మా పోపు వాసన. వద్దమ్మా అన్నాను, వినలేదు సరోజిని. ఆయన ఉన్నప్పుడు తినకుండా వెళ్ళారా ఎప్పుడైనా, అంది. వెళ్ళలేదు. అప్పటి సంగతి వేరు, ఇద్దరం తిట్టుకుంటూ తినేవాళ్ళం, ఇప్పుడు ఒక్కణ్ణీ కూర్చుంటే ఆ ఉప్మా గొంతు దిగదని భీముడి పెళ్ళాంతో ఎలా చెప్పను. వంటింటి తలుపు దగ్గరికి వేసింది. మేం వాయించడానికి కూర్చుంటే చాలు, ఎప్పుడూ ఆ తలుపు వేసేసేది. మా మోత భరించలేక అనుకునేవాణ్ణి. ఇవాళా అదే అనుకుంటున్నాను. ఆమె తప్పేం లేదు, రోజూ ఇంట్లో రేడియో రిపేరు మోత చాలక పైన ఈ మోత ఒకటి.

భీముడంటే భీమేశ్వరరావు. పేరుకే భీముడు, గాలేస్తే తీగకి ఆరేసిన పంచెలా ఊగేవాడు. కోనేరు సెంటర్లో రేడియోలు బాగుచేసేవాడు, సాయంత్రాలు గిటారు వాయించేవాడు, వాడూ నేనూ ఇంకొందరూ కలిసి పెళ్ళిళ్ళకీ ఉత్సవాలకీ పాటల పార్టీ కట్టాం. శ్రావణంలో కళ్ళు పచ్చబడ్డాయి, పసరు మందు అన్నారు, పథ్యం అన్నారు, ఇంగ్లీషు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైందన్నారు. అంతే. పోవడానికి నాలుగు రోజుల ముందు కూడా నాతో బాజీ కట్టాడు, ఈ కామెర్లు తగ్గేలోగా లావు తీగ మీద నా చెయ్యి తేలికపడదని. పడలేదు. బాజీ వాడే గెలిచాడు, వెధవ. ఇప్పుడు సరోజిని నాగాయలంకలో అక్కగారింటికి వెళ్ళిపోతోంది, ఈ అద్దె ఇల్లు వదిలేస్తోంది. అక్కగారి వీధికింకా కరెంటు రాలేదు, కాబట్టి పెట్టె అక్కడ పెట్టెలాగే ఉండిపోతుంది. ముందు నన్నే అడిగింది, మీరు ఉంచుకోండి అన్నయ్యగారూ అని. నా ఇంటికి మాత్రం కరెంటుందా. పెడనలో నా ఇల్లంటే ముందు అద్దకం బల్ల, వెనక గుడ్డలు ఉడకేసే గాబు, ఎప్పుడూ తడి, ఎప్పుడూ ఆవిరి, కరెంటొచ్చినా వాల్వులు నెల తిరక్కుండా చచ్చూరుకుంటాయి. వద్దన్నాను. అందుకని గుడివాడ నుంచి సుబ్బారావనే కుర్రాడొస్తున్నాడు, కాలేజీలో చదువుతూ గిటారు వాయిస్తాడట, సాయంత్రం రైలుకి ఇది ఎత్తుకుపోతాడు. పనిచెయ్యని వస్తువు అంటగట్టామన్న మాట రాకూడదు, ఒక్కసారి మోగించి చూడండి అని సరోజిని కబురు పెడితే, బస్సు మీద బేసుని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఈ ముసుర్లో వచ్చాను. మోగించి చూడ్డానికి మాత్రమే వచ్చాను అనుకుంటే సరిపోయేది. దారంతా తెలుస్తూనే ఉంది. ఈ పెట్టె గుమ్మం దాటాక నా ఒళ్ళో ఉన్నది టేకు చెక్క, దానికి నాలుగు తీగలు, అంతకు మించి ఏమీ కాదు.

టేకంటే మా అచ్చుల టేకే. పెడనలో అద్దకానికి అచ్చులు చెక్కే కోటయ్య, పూలూ చిలకలూ చెక్కే చేత్తో దీన్ని చెక్కాడు, చెక్కుతూ చెక్కుతూ ఊరుకోలేక మూల ఒక చిన్న లత కూడా దించాడు. తీగలు మద్రాసు నుంచి తెప్పించాం. తీగల కింద బిగించే అయస్కాంతానికి రాగి తీగ భీముడే చుట్టాడు, ఆదివారాలన్నీ దానికే పోయాయి. అసలు వాడు మొదటిసారి పెడన వచ్చింది దీనికోసం కాదు, నా కోసమూ కాదు. పెట్టె ముందు స్పీకరుకి అడ్డంగా కట్టడానికి పల్చటి గుడ్డ కావాలని వచ్చాడు. నేను బల్ల దగ్గర నిలబడి అద్దుతున్నాను. అచ్చుని రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి, అరచేతి మడమతో ఒక్క గుద్దు, మళ్ళీ ముంచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ గుద్దు. రంగు సమంగా దిగాలంటే గుద్దులన్నీ ఒక్కలా ఉండాలి, ఒకటి గట్టిగా ఒకటి మెల్లగా పడితే గుడ్డ మీద తెలిసిపోతుంది. ఆ బక్కాయన గుడ్డ సంగతి మర్చిపోయి అరగంట అలా నిలబడ్డాడు. తరవాత, ఏం బావా, నువ్వెప్పుడైనా తాళం తప్పావా, అన్నాడు. ముక్కూ మొహం తెలీనివాణ్ణి బావా అన్న మొదటి మనిషి వాడు. నాకు పెళ్ళి కాలేదు, అదొక పెద్ద కథ, ఇప్పుడెందుకు, కానీ ఆ బావా అన్న పిలుపు ఎక్కడో తగిలింది. ఇంట్లో పలకరించే దిక్కు లేనివాణ్ణి పలకరిస్తే అంతే, కుక్కపిల్లలా వెంటపడతాడు. వెంటపడ్డాను. నల్లగీతలో ఎర్ర మామిడి పిందెలున్న గుడ్డ నేనే అద్ది తెచ్చి ఈ పెట్టెకి కట్టాను. అదిగో, అలాగే ఉంది, రంగు చెక్కు చెదర్లేదు. రంగు వేసినవాడు ఉన్నాడు, కట్టించుకున్నవాడు లేడు.

రెండో వాల్వు కూడా వెలిగింది. ఇంకా కొంచెం ఆగాలి. ఈ పెట్టె గిటారు కోసం చేసింది, బేసు కోసం కాదు, అది మొదటిరోజే చెప్పాడు భీముడు. స్పీకరంటే కాగితపు గరాటే కదా బావా, సన్న స్వరానికి అది వణికితే చాలు, లావు స్వరానికి ముందుకీ వెనక్కీ ఊగాలి, నువ్వు తెగించి కొట్టావంటే ఊగి ఊగి చిరుగుతుంది. అలాగని నా కోసం ఇంకో పెట్టె చెయ్యడానికి పెద్ద స్పీకరు ఎక్కడ తేవాలి, మద్రాసులోనే దొరకడం లేదు. ఒకే పెట్టెకి రెండు కన్నాలు పెట్టాడు. ఒకదాంట్లో వాడు, ఒకదాంట్లో నేను, ఒకటే కాగితం మీద ఇద్దరం. నేను కొంచెం ఎక్కువైతే కాగితం నా ఊపుకి ఊగుతూ వాడి స్వరాన్ని కూడా వణికించేది, అప్పుడు నా కాలి బొటనవేలు తొక్కేవాడు. నా నాబు దగ్గర ఎర్ర రంగుతో గీతలు పెట్టి, రెండో గీత దాటకు అని ఒట్టేయించుకున్నాడు. మంద్రం తిప్పే నాబు సగానికి తగ్గించాలి. గోరుతో కాదు, బొటనవేలి కండతో కొట్టాలి. వెనక చెక్క బిగించి, పెట్టెని మూలకి జరిపి, గోడకి ఆనించి పెట్టాలి. ఎందుకురా అంటే, నువ్వు గట్టిగా కొట్టలేవు కదా బావా, గోడ నీకు సాయం చేస్తుంది, అన్నాడు. ఇదే మూల, ఇదే గోడ, అవతల వంటిల్లు. ఇన్ని జాగ్రత్తలూ చెప్పి కూడా వాడికి నమ్మకం లేదు, నాకు చెవులున్నాయని వాడెప్పుడూ ఒప్పుకోలేదు, అందుకని గుడ్డ మీద కన్నేసి ఉంచమన్నాడు. అది మాత్రం నాకు బాగా నచ్చింది. అచ్చు పక్కకి జరిగితే గీత రెండు గీతలై కనపడుతుంది, మా పనిలో ఆ తప్పు ఆమడ దూరం నుంచి పట్టుకుంటాం. ఈ గుడ్డ మీద మామిడి పిందె గీత రెండయిందంటే కాగితం హద్దు మీరిందన్నమాట, వెంటనే చెయ్యి తేలిక చెయ్యాలి. ఆరేళ్ళు కచేరీల్లో జనాన్ని చూడలేదు నేను. మామిడి పిందెనే చూశాను.

జనాన్ని చూసినా లాభం లేదు. వాళ్ళు నన్ను వినలేదు. ఇందులో నిష్ఠూరం ఏం లేదు, ఉన్నమాట. రెండో గీత మీద బేసు వాయిస్తే ముందు వరసలో కూర్చున్నవాడికి కూడా అది పాటలో కలిసిపోయి ఉంటుంది తప్ప ఇదీ అని వినపడదు. లేకపోతే మాత్రం పాట బోసిపోయినట్టుంటుంది, ఎందుకో ఎవడికీ తెలీదు. మాకు ఎర్రరంగు కూడా అంతే. పటిక నీళ్ళతో అచ్చు వేస్తే గుడ్డ మీద ఏమీ తేలదు, కొత్తవాళ్ళు ఉత్త అచ్చు గుద్దుతున్నావేంటని నవ్వుతారు, రంగునిచ్చే వేరు వేసి గాబులో ఉడకేస్తేనే ఎరుపు బయటికొస్తుంది. ఇది చూసి భీముడు, చూశావా, నీ బేసు కూడా ఇంతే బావా, ఎప్పటికో ఎర్రబడుద్ది, అన్నాడు. ఎప్పుడు ఉడకేస్తార్రా నన్ను, అన్నాను. గుడివాడలో ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి మేనమామ, పెద్దమనిషి, వేదిక దగ్గరికొచ్చి, "ఆ నాలుగు తీగలాయన ఊరికే నిలబడ్డాడేంటండీ, వాయించడం రాదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నాకది మామూలే. భీముడికి మాత్రం పౌరుషం వచ్చింది. వాడికి ఎప్పుడూ నా తరఫునే పౌరుషం వచ్చేది, వాణ్ణంటే పట్టించుకునేవాడు కాదు. వంగి, ఒట్టు తీసి గట్టున పెట్టి, నా నాబుని ఆరో గీతకి తిప్పేశాడు. ఒక్క చరణం. ఆ ఒక్క చరణం గుడివాడ పందిట్లో నేను మోగాను. మేనమామగారు నోట్లో తాంబూలం నమలడం ఆపాడు. మరుక్షణం పెట్టెలో బర్రుమని చిరిగిన చప్పుడు, ఇంక పాటంతా గరగర. కాగితం జానెడు చిరిగింది. మర్నాడు పెడనలో నా బల్ల మీదే దాన్ని పడుకోబెట్టి, సన్న మల్లుగుడ్డ ముక్క అడ్డంపెట్టి, రంగులో కలిపే తుమ్మజిగురుతో అతికించాం. అద్దకంవాడికి తెలిసిన జిగురు అదొక్కటే. రేడియోవాడైనా వద్దనొచ్చు కదా, వాడు సంతోషంగా వేలు పెట్టి రాశాడు. తుమ్మజిగురు తడికి మెత్తబడుతుందని ఇద్దరికీ తెలుసు, రోజూ గుడ్డల మీంచి దాన్ని కాలవలో కడిగేది నేనే, అయినా ఆ క్షణంలో ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. అప్పట్నించీ బందర్లో ముసురు పట్టిందంటే పెట్టె గొంతు బొంగురుపోతుంది. రొంప పట్టింది దానికి, అనేవాడు. బొగ్గుల కుంపటి దగ్గర కాసేపు పెట్టి మాట్లాడించేవాడు.

ఇవాళా ముసురే. కుంపటి పెట్టమని అడగాల్సింది. అడిగితే ఆమె అన్నీ మానుకుని అదే పనిలో పడుతుంది, ఎందుకులే. మెల్లగా వాయిస్తే ఏమీ కాదు, అతుకు పట్టుకునే ఉంటుంది. పట్టుకోకపోతే? వాడు పోయిన మూడు నెలలకి, ఇల్లు ఖాళీ చేస్తున్న రోజున, రైలు టైముకి, వాడి పెట్టె గొంతు నా చేతుల్లో చిరిగిపోతే? సరోజిని ఏమీ అనదు. అనకపోవడమే కష్టం. వాడు బతికుండగా చిరిగినప్పుడు ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని ఈలలు వేసుకుంటూ అతికించాం, ఇప్పుడు అతికించడానికి ఇంకో చెయ్యి లేదు. గిటారుతో పరీక్ష చేస్తే ఏ భయమూ ఉండదు, కానీ నాకు గిటారు రాదు, వాడి గిటారు అప్పుడే వేరే పెట్టెలో పెట్టి కట్టేశారు, నాగాయలంక వెళ్ళే సామానుతో గుమ్మం పక్కనే ఉంది. అటు చూడను. చూస్తే ఏడుపొస్తుంది, యాభై దగ్గర పడ్డవాడు ఏడిస్తే బాగోదు.

ఈ గదిలో ఒక విచిత్రం ఉండేది. లావు తీగ మూడో మెట్టు మీద వేలు పెట్టి కొడితే ఎక్కడో సన్నగా గిర్రుమనేది. మొదటిసారి విని భీముడు అదిరిపడ్డాడు, అతుకు ఊడిందన్నాడు, పెట్టె విప్పాడు, మళ్ళీ జిగురు పూశాడు. మళ్ళీ వాయిస్తే మళ్ళీ గిర్రు. ఒక మేకు వదులైందేమోనని మేకులన్నీ బిగించాడు. వాల్వు కదుల్తోందేమోనని దూది కుక్కాడు. ఒక్కోరోజు అస్సలు ఉండేది కాదు, ఒక్కోరోజు మొదలై చటుక్కున ఆగిపోయేది, గుడివాడలోనూ అవనిగడ్డలోనూ ఎంత కొట్టినా వచ్చేది కాదు. రేడియోల్లో ఎంతటి జబ్బయినా వేలు పెట్టి చూపించేవాడు ఈ గిర్రు దగ్గర ఓడిపోయాడు. చివరికి, బావా, ఆ మెట్టు మీద శని కూర్చున్నాడు, దాన్ని తప్పించి వాయించు, అన్నాడు. ఒక మెట్టు తప్పిస్తే పాటేముందిరా, అన్నాను. ఆరోజు నిజంగానే పోట్లాడుకున్నాం. వాడు ముక్కాలిపీట మీద, నేను చాప మీద, ఇద్దరం చెరోవైపు తిరిగి కూర్చుంటే సరోజిని ఏమీ జరగనట్టు ఉప్మా తెచ్చి మధ్యలో పెట్టింది. ఆమె పెదవి చివర నవ్వుందేమో అనిపించింది నాకు. మమ్మల్ని చూసి నవ్వనివాడెవడు.

హంసలదీవిలో మాత్రం నాకు నా మీదే జాలేసింది. మాఘ పౌర్ణమి జాతరకి పిలిచారు, సముద్రం వారన పాలకాయతిప్ప వైపు గట్టు మీద వేదిక, జనరేటరు పెట్టారు. గోడల్లేవు, చెట్లు కూడా లేవు, ఇసక, గాలి. ఆ గాలి భీముడి గిటారుని ముక్కలు ముక్కలుగా మోసుకుపోయింది, కొన్ని ముక్కలైనా జనానికి అందాయి. నాది అసలు పెట్టె దాటి రాలేదు. నా కాళ్ళకే అందలేదు. వల భుజాన వేసుకున్న ఒక ముసలాయన వేదిక పక్కనే నిలబడి ఎంతో శ్రద్ధగా నా చేతినే చూశాడు, పాట అయ్యాక, "నువ్వు బాగానే కొడతన్నావు బాబూ, కానీ ఆ సముద్రం మోత ముందు ఏం వినపడుద్ది?" అన్నాడు. మంచి మనసుతో అన్నాడు. వచ్చేటప్పుడు పడవలో అందరూ పడుకుంటే నేనూ భీముడూ మేలుకుని ఉన్నాం. వాడికి ఏమీ చెప్పలేదు నేను, అయినా వాడే అన్నాడు, నేను వింటున్నాను కదా బావా, ఒకడు వింటే చాలదా. చాలు, అన్నాను. నిజంగా చాలు అనిపించింది ఆ క్షణంలో. ఆ ఒక్కడే శ్రావణంలో పోయాడు.

పోయాక పార్టీవాళ్ళందరూ ఈ గదిలోనే కూర్చున్నారు, పాటలు పాడే పాండురంగారావు నా భుజం మీద చెయ్యి వేసి, గిటారు లేకుండా మనకింక పార్టీ లేదు యలమందా, అన్నాడు. ఔననే అన్నాను. బేసు ఉంది కదా అని ఎవరంటారు. గుడివాడ కుర్రాడు కూడా మొన్నొకసారి నేనిక్కడ ఉండగా పెట్టె పైపైన చూసిపోవడానికి వచ్చినప్పుడు ఎంతో మర్యాదగా మాట్లాడాడు, మీరూ వస్తారా అండీ అని అడుగుతాడేమోనని ఒక పిచ్చి ఆశ. అడిగితే రానని చెప్పడానికి మాటలు కూడబెట్టుకున్నాను. "బేసుకి బదులు మాకు ఎకార్డియన్ ఉందండీ, దాంతోనే సరిపెట్టేస్తాం," అన్నాడు. రెండో కన్నం ఇంక దేనికి, దాంట్లో మైకు పెట్టుకుంటారు కాబోలు. పెట్టుకోనీ. చిన్నవాళ్ళు, వాళ్ళ పాటలు వాళ్ళవి.

వాల్వులు రెండూ ఎర్రగా ఉన్నాయి. పెట్టెలో సన్నటి హోరు. ఆ హోరు వింటే వాడు లోపల ఎక్కడో గొంతు సవరించుకుంటున్నట్టుంది. బేసు వైరు గుచ్చాను, వాడి కన్నంలో కాదు, నా కన్నంలోనే. నాబు కొంచెం తిప్పాను. సన్న తీగ ముట్టుకున్నాను. మోగింది. బొంగురుగానే, కానీ మోగింది. పిందె కదల్లేదు. మొదటి గీత. ఒక పల్లవి కింద మేం వాయించుకునే నడక అందుకున్నాను, పల్లవి పాడేవాడు లేడు, దాని మీద తీగలు సాగదీసేవాడు లేడు, బేసు ఒక్కటే వాయిస్తే టెలిఫోనులో ఒకవైపు మాటలే విన్నట్టుంటుంది, ఊఁ, ఊఁ, ఆహా, సరే, అలాగే. అయినా వాయిస్తున్నాను. రెండో గీత. పిందె అంచు సన్నగా ఊపిరి తీసుకుంది, గీత ఒకటిగానే ఉంది. ఇక్కడికి చాలు, పెట్టె పనిచేస్తోంది, నేనొచ్చిన పని అయిపోయింది, కట్టేసి లేచిపోవచ్చు. చెయ్యి నాబు మీదే ఉంది. మూడో గీత, నాలుగో గీత, ఆరో గీత, అన్నీ ఎర్రగా వరసలో ఉన్నాయి. ఇంక కాలు తొక్కేవాడు లేడు. ఒక్క చరణం. ఈడేపల్లి వీధి వీధంతా తలుపులు తీసి, ఎవరది అనేలా ఒక్క చరణం. చిరిగితే చిరిగింది, రేపట్నించి నేనెలాగూ మోగను, నాతోపాటు అదీ పోనీ. ఇంత పాపిష్టి ఆలోచన నాకెలా వచ్చిందో తెలీదు, వచ్చింది, వేళ్ళకి కూడా వచ్చింది. చూపు మామిడి పిందె మీద పడింది. ఈ గుడ్డ తెచ్చిన రోజు వాడు దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని వెలుగుకి చూపించి, దీని వెనకనించి నా పాట వస్తుంది బావా, అన్నాడు. మన పాట అనలేదు, అప్పటికి నేను లేను కదా. నాబు మీంచి చెయ్యి తీసేశాను.

రెండో గీత మీదే మళ్ళీ అందుకున్నాను, బొటనవేలి కండతో, మెత్తగా. నడక కిందికి దిగింది, లావు తీగ మీదికొచ్చింది, ఒకటో మెట్టు, మూడో మెట్టు. గిర్రుమంది. అరచెయ్యి తీగల మీద పెట్టి నొక్కేశాను. ఊడింది. అతుకు ఊడింది. ఇంత జాగ్రత్తగా, ఇంత మెల్లగా, ఒక్క వెంట్రుకవాసి హద్దు దాటకుండా వాయించినా ఊడింది, ఆ వెధవ జిగురు, ఆ వెధవ ముసురు. రైలొచ్చే వేళవుతోంది. లోపలికి వెళ్ళి ఏమని చెప్పను, అమ్మా, మీ ఆయన పెట్టె నేను చూస్తుండగానే…

వంటింటి తలుపు తెరుచుకుంది.

"ఆపకండి అన్నయ్యగారూ. అది పెట్టె కాదు."

సరోజిని గుమ్మంలో నిలబడింది. చేతిలో ఇత్తడి పళ్ళెం, వడ్డనకి వాడే పెద్ద పళ్ళెం.

"ఇది," అంది. "గూట్లో గోడకి చేరవేసి ఉంటుంది. మీరు ఆ కిందికి దిగినప్పుడల్లా ఇది గిర్రుమంటుంది. సామానంతా కట్టేశాం కదా, దీన్నొక్కదాన్నీ ఇందాకే మళ్ళీ తీసి అక్కడ పెట్టాను."

అరచెయ్యి తీగల మీంచి తీశాను. "భీముడు మేకులన్నీ బిగించాడమ్మా. వాల్వులకి దూది పెట్టాడు. ఒక్క మాట చెప్పకపోయావా," అన్నాను.

"చెప్తే పెట్టె వేరే గోడకి మార్చేసేవారు." పమిటతో పళ్ళెం తుడిచింది, అది శుభ్రంగానే ఉంది. "మీరిద్దరూ పెట్టె విప్పుతుంటే భయమేసి చెయ్యి ఆనించి పట్టుకునేదాన్ని, మోగకుండా. పొయ్యి దగ్గర పనుంటే పట్టుకోడానికి అయ్యేది కాదు."

"మా మోత పడక తలుపేసుకుంటావనుకున్నాను."

"తలుపేసుకుంటే ఆయన గిటారు వినపడదండీ. పాట కూడా అందదు. గోడలోంచి మీదొక్కటే వస్తుంది. కాళ్ళ కిందకి వస్తుంది. ఆరేళ్ళూ నేను విన్నది మిమ్మల్నే. మీరు ఎలా నడుస్తున్నారో దాన్ని బట్టి ఇప్పుడు ఆయన ఈ పాట వాయిస్తున్నారు, ఇప్పుడు అది వాయిస్తున్నారు అనుకుంటూ వంట చేసుకునేదాన్ని."

ముక్కాలిపీట వైపు చూసింది. నేనూ చూశాను. దాని మీద ఎవరూ లేరు.

"ఇందాక మీరు మొదలుపెట్టారు చూడండి," అంది, గొంతు తగ్గించి, "లోపల్నించి వింటే తేడా ఏమీ లేదు అన్నయ్యగారూ. ఎప్పటిలాగే ఉంది. ఆయన వినపడకపోవడం నాకు అలవాటే కదా. ఆయన ఇక్కడే కూర్చుని వాయిస్తున్నట్టే ఉంది."

నాబు వైపు చూశాను, రెండో గీత మీదే ఉంది. ఆమె నా చూపు కనిపెట్టింది.

"పెంచకండి. ఎప్పుడూ ఎంత ఉండేదో అంతే. నేను తలుపేసుకుంటాను, ఆ అబ్బాయి వచ్చేదాకా వాయించండి."

వెళ్ళి తలుపేసుకుంది. గూట్లో పళ్ళెం పెట్టిన చప్పుడు వినపడింది. నేను కళ్ళు తుడుచుకున్నాను, ఎవరూ చూడ్డం లేదు కాబట్టి. మామిడి పిందె మీద కన్నేసి, మొదట్నించి అందుకున్నాను. వాడి వంతు వచ్చినచోటల్లా ఆగి, వాడు తీగ సాగదీసేంత సేపూ వాడికి చోటు వదిలి, మళ్ళీ కలిశాను. లావు తీగ మీదికి దిగాను, మూడో మెట్టు తప్పించలేదు. గోడ అవతల పళ్ళెం గిర్రుమంది. సరోజిని చెయ్యి అడ్డం పెట్టలేదు.